పురావస్తు మ్యూజియంలో ముందు చదవాల్సింది ఊరి పేరు

క్లుప్తంగా: హైదరాబాద్ నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియంలో ఉన్న శిల్పాలు, నాణేలు, కుండలు చాలావరకు నగరానివి కావు. పాత నిజాం రాష్ట్రం నుంచి, ఆ తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఊళ్ళ నుంచి అవి ఇక్కడికి చేరాయి. వాటి అందం చూడగానే తెలుస్తుంది. చరిత్ర మాత్రం ఎక్కడ, ఏ పొరలో, దేని పక్కన దొరికాయన్న వివరంతోనే తెలుస్తుంది. ఆ వివరం ఎలా నమోదవుతుంది, ఎలా పోతుంది, పోయాక ఏమవుతుందన్నదే ఈ వ్యాసంలోని విషయం.

ఫణిగిరి కుండ

2024 మార్చి నెలాఖరులో సూర్యాపేట జిల్లా ఫణిగిరి గుట్ట మీద తవ్వకాల్లో ఒక గుండ్రటి మట్టికుండ బయటపడింది. ఎత్తు 15 సెంటీమీటర్లు, వ్యాసం 16.7 సెంటీమీటర్లు. రెండు చేతుల్లో ఇమిడిపోయేంత కుండ. నేలకు సుమారు రెండడుగుల లోతులో ఉంది. మూతి లోపల పగిలిన గిన్నె అడుగుభాగాన్ని అడ్డుపెట్టి, దాని పైన లోతు తక్కువ ఉన్న మరో పాత్రను మూసి పెట్టారు. లోపల 3,730 సీసపు నాణేలు. ఒక్కొక్కటి సగటున 2.3 గ్రాములు. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయిని చిహ్నం, అంటే కూడిక గుర్తు నాలుగు కొసలకూ నాలుగు సున్నాలు. కృష్ణా తీరాన్ని ఏలిన ఇక్ష్వాకుల కాలం, క్రీ.శ. 3, 4 శతాబ్దాల నాటివని పురావస్తు శాఖ గుర్తించింది.

మొత్తం తూకం ఎనిమిదిన్నర కిలోల పైచిలుకు. ఈ కుండ నాగలికి తగిలి, పాత సామాన్ల కొట్టుకు చేరి ఉంటే అది ఎనిమిదిన్నర కిలోల సీసం మాత్రమే. దాని విలువ ఆ రోజు సీసం ధరను బట్టి ఉండేది. తవ్వకంలో దొరికింది కాబట్టి అదే సీసం ఎన్నో ప్రశ్నలకు ఆధారమైంది. దొరికినది బౌద్ధ ఆరామంలో. భిక్షువులు బంగారం, వెండి స్వీకరించరాదన్నది 'వినయం' అనే బౌద్ధ భిక్షు నియమావళిలోని నియమం. మరి ఇంత చిల్లర అక్కడ ఎవరిది? ఆరామం రోజువారీ ఖర్చులదా, యాత్రికులు వేసినదా, దాచుకోవడానికి ఒక వర్తకుడు నమ్మి ఇచ్చినదా? నాణేలన్నీ ఒకే రకానివి కావడం ఏం చెబుతుంది? అనేక చోట్ల, అనేక ఏళ్ళపాటు కూడబెట్టిన డబ్బులో సాధారణంగా రకరకాల ముద్రలు కలిసి ఉంటాయి. ఇక్కడ అలా లేదు. మూతికి రెండు అడ్డులు పెట్టారంటే దాచినవారు తొందరపడలేదు, తిరిగి వచ్చి తీసుకోవాలనే అనుకున్నారు. ఎందుకో రాలేదు.

ఈ ఆలోచనలన్నీ నాణేన్ని చూసి పుట్టినవి కావు. అది ఉన్న చోటును చూసి పుట్టినవి. పురావస్తు మ్యూజియంలో సందర్శకులు అయోమయపడేది సరిగ్గా ఈ విషయం దగ్గరే. గాజు పెట్టెలో విరిగిన పెంకు ఎందుకు పెట్టారు, పక్క గదిలో మెరిసే విగ్రహంకంటే దాన్ని పండితులు ఎందుకు ఎక్కువగా పట్టించుకుంటారు అన్న సందేహానికి జవాబు వస్తువులో కాక, దాని చిరునామాలో ఉంటుంది.

నాంపల్లికి ఇన్ని వస్తువులు ఎలా చేరాయి

నిజాం రాష్ట్రంలో పురావస్తు శాఖ 1914లో ఏర్పడింది. దానికి తొలి అధిపతి గులాం యజ్దానీ. ఆ శాఖ పరిధి ఎంత విశాలమో ఇప్పుడు ఊహించడం కష్టం. అజంతా, ఎల్లోరా, వరంగల్లు, బీదర్, గుల్బర్గా అన్నీ అప్పట్లో ఒకే ఏలుబడిలో ఉండేవి. శాఖ మొదలైన మరుసటి ఏడాదే, 1915లో, రాయచూరు ప్రాంతంలోని మస్కి వద్ద ఒక బండరాతి శాసనం వెలుగులోకి వచ్చింది. 'దేవానాంప్రియ' అన్న బిరుదుతో దేశమంతటా కనిపించిన శాసనాలు అశోకుడివేనని నేరుగా పేరుతో నిరూపించిన రాయి అదే.

పబ్లిక్ గార్డెన్స్‌లో ఏడవ నిజాం కాలంలో కట్టిన భవనంలో, 1930 ప్రాంతంలో, మ్యూజియం రూపుదిద్దుకుంది. తవ్వకాల్లో దొరికినవి, గుళ్ళ శిథిలాల నుంచి తెచ్చినవి, జిల్లాల్లో బయటపడిన నాణేల బిందెలు, నిజాం కానుకగా ఇచ్చినవి ఒకే కప్పు కిందికి వచ్చాయి. 1956 తర్వాత ఆంధ్ర ప్రాంతపు తవ్వకాలు కూడా ఇదే శాఖ కిందికి చేరాయి. నాగార్జునసాగర్ కింద మునిగిన ఏలేశ్వరంలో తవ్వకాలు జరిపిందీ, 1980లలో విశాఖ తీరాన బావికొండ, తొట్లకొండ బౌద్ధ ఆరామాలను వెలికితీసిందీ రాష్ట్ర శాఖే. అందుకే నాంపల్లిలో ఒక గది నుంచి మరో గదికి నడిస్తే గోదావరి ఒడ్డు నుంచి బంగాళాఖాతం దాకా నడిచినట్టు ఉంటుంది.

నాణేల సంగతి వేరే చెప్పుకోవాలి. ఇక్కడి నాణేల సంఖ్య లక్షల్లో ఉంటుంది. అంత సంఖ్యకు కారణం ఎవరి సేకరణ అభిరుచో కాదు, చట్టం. భూమిలో దొరికిన నిధి ప్రభుత్వానికి తెలియజేయాలన్న నియమం ఉన్నందువల్ల ఏ తాలూకాలో బిందె బయటపడినా దారి చివరికి రాజధానికే వచ్చింది. సందర్శకుడికి కనిపించేవి కొన్నే. మిగిలినవి భద్రమైన గదుల్లో ఉంటాయి. ఏ పెద్ద మ్యూజియంలోనైనా ప్రదర్శనలో ఉన్నది కొంత, గోదాములో ఉన్నది కొండంత.

సాలార్‌జంగ్‌కూ దీనికీ తేడా

హైదరాబాద్ చూడటానికి వచ్చినవారు రెండు మ్యూజియంలనూ ఒకే కంటితో చూస్తారు. నిజానికి రెండింటి పుట్టుక వేరు. మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం ఒక కుటుంబం కొని కూడబెట్టిన సంపద. ముసుగు రెబెక్కా విగ్రహాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. చెక్కిన శిల్పి బెంజోనీ. మ్యూజియం 1951లో దివాన్ దేవిడీలో తెరుచుకుంది, 1961లో జాతీయ ప్రాధాన్య సంస్థ అయింది, 1968లో ఇప్పటి భవనానికి మారింది. అక్కడి వస్తువును నిలబెట్టేది కళాకారుడి నైపుణ్యం, సేకర్త చూపు. రెబెక్కా ఏ గదిలో ఉన్నా రెబెక్కాయే.

పురావస్తు మ్యూజియంలో అలా కుదరదు. ఇక్కడ నల్లటి మట్టి పెంకు దాని పొర నుంచి విడిపోతే ఉత్త పెంకే. తవ్వకంలో నేలను చదరపు గడులుగా విభజించి, మధ్యలో గట్లు వదిలి, పొర పొరగా దిగుతారు. కింది పొర పాతది, పై పొర కొత్తది. ఒక పొరలో నాణెం దొరికితే, దాని పక్కన ఉన్న పెంకులకూ పూసలకూ ఎముకలకూ ఆ కాలం వర్తిస్తుంది. రేపు మరో ఊళ్ళో నాణెం లేకుండా అదే రకం పెంకు దొరికితే, ఈ ఊరి పెంకు సాక్ష్యంతో దాని కాలం చెప్పవచ్చు. ఒక్కో వస్తువు పక్కదానికి సాక్షి. ఈ సాక్ష్యాల గొలుసులో ఒక్క లింకు తెగినా తర్వాతివన్నీ వదులైపోతాయి.

పాటిమన్ను, రాకాసి గుళ్ళు, లంకెబిందెలు

ఈ గొలుసు తెగేది మ్యూజియంలో కాదు, చాలాసార్లు ఊరి పొలిమేరలోనే.

తెలుగు పల్లెల్లో పాతకాలపు ఊరి దిబ్బను పాటిగడ్డ, పాటిదిబ్బ అంటారు. శతాబ్దాల తరబడి మనుషులు బతికి, వండుకుని, బూడిద పోసి, పశువులను కట్టిన నేల అది. అందుకే ఆ మన్ను సారవంతం. రైతులు తరతరాలుగా పాటిమన్ను బండ్లకెత్తి పొలాలకు తోలారు. వారి దృష్టిలో అది ఎరువు. అందులో తప్పు లేదు, దురుద్దేశం అసలే లేదు. కానీ ఒక్కో బండి మట్టితో పాటు ఒక్కో శతాబ్దం పొలంలో కలిసిపోయింది. బండ్లు పోయి ట్రాక్టర్లు, మట్టి తవ్వే యంత్రాలు వచ్చాక ఒక తరంలో పోయేది ఒక పూటలో పోతోంది.

ఇనుపయుగపు సమాధులదీ ఇదే దారి. పెద్ద బండలు నిలబెట్టి, రాళ్ళు గుండ్రంగా పేర్చి కట్టిన ఆ సమాధులను తెలంగాణలో రాకాసి గుళ్ళు అంటారు. అంత పెద్ద బండలు మనుషులు ఎత్తలేరు, రాక్షసులే ఎత్తి ఉంటారన్న నమ్మకం ఆ పేరులో ఉంది. ఆ భయమే కొన్ని వందల ఏళ్ళు వాటిని కాపాడింది. భయం పోయాక బండలు కంకర మిల్లులకు, చేను గట్లకు పోయాయి. లోపల ఉండే ఎరుపు నలుపు కుండలు, ఇనుప ఈటెలు, ఎముకలు వరుస తప్పి చెదిరాయి.

మూడో ముప్పు గుప్తనిధుల వేట. లంకెబిందెల కోసం నంది విగ్రహం పగలగొట్టారని, శివలింగాన్ని పెకిలించారని వార్తలు రావడం కొత్త కాదు. వేటగాళ్ళకు ఏమీ దొరక్కపోయినా నష్టం జరిగిపోతుంది. విగ్రహం కింద కదలని పొర ఒక్కసారి తిరగబడితే మళ్ళీ పేర్చడానికి వీలులేదు.

ఒక నాణెం, ఒక పెద్ద వాదం

చిరునామా ఎంత పని చేస్తుందో కోటిలింగాల చూపిస్తుంది. ఇప్పటి జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న ఈ ఊళ్ళో 1970ల చివర, 1980ల మొదట్లో జరిగిన పరిశోధనల్లో, తవ్వకాల్లో చిముక పేరున్న నాణేలు వెలుగు చూశాయి. పురాణాల్లో శాతవాహన వంశపు మొదటి రాజుగా చెప్పే పేరు అది. దానితో పాటు గోభద, సమగోప వంటి, అప్పటిదాకా చరిత్రలో వినపడని స్థానిక పాలకుల నాణేలూ దొరికాయి.

అంతకుముందు శాతవాహనుల తొలి నాళ్ళ గురించిన చర్చ ఎక్కువగా మహారాష్ట్ర చుట్టూ తిరిగేది. కారణం నానేఘాట్ కనుమలోని గుహ. అక్కడ అదే రాజుకు సిముక అన్న పేరుతో విగ్రహం, కింద అక్షరాలు ఉండేవి. కోటిలింగాల నాణేలు ఆ వాదానికి ఎదురు నిలిచాయి. శాతవాహనుల మూలం తెలంగాణే అన్నవారికి గట్టి ఆధారం దొరికింది. అవతలి పక్షం మాట కూడా తీసివేయదగ్గది కాదు. నాణెం చేతులు మారుతుంది, ఊళ్ళు దాటుతుంది, దొరికిన చోటే ముద్రించారని చెప్పలేం. దీనికి ప్రతివాదం ఏమిటంటే, సీసం, పోటిన్ (రాగి, సీసం, తగరం కలిసిన లోహం) వంటి తక్కువ విలువ లోహపు నాణేలు బంగారంలా దూరదేశాలకు పోవు. చెల్లుబాటయ్యే ప్రాంతంలోనే తిరుగుతాయి. పైగా ఒకే ఊళ్ళో పలువురు పాలకుల నాణేలు వరుసగా దొరకడం ఆ ఊరు ఒక కేంద్రమని సూచిస్తుంది.

ఈ వాదంలో ఎవరిది పైచేయి అన్నది పక్కన పెడదాం. అవే నాణేలు ఊరి పేరు లేకుండా నగరంలోని ఒక నాణేల వ్యాపారి దగ్గర కనిపించి ఉంటే అసలు వాదమే పుట్టేది కాదు. చిముక పేరు ఉండేది, గోదావరి ఒడ్డు ఉండేది కాదు.

ఫణిగిరిలో దొరికిన ఒక స్తంభ శాసనం కూడా ఇలాంటిదే. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరంలో ఒక ప్రధాన వైద్యుడు ధర్మచక్రాన్ని ప్రతిష్ఠించినట్టు అందులో ఉంది. అప్పటిదాకా తెలిసిన శాసనాలు ఆ రాజు 11వ ఏడుతోనే ఆగాయి. ఒక్క రాయితో ఒక రాజు పాలన ఏడేళ్ళు పెరిగింది. అంతేకాదు, కృష్ణా తీరపు విజయపురి నుంచి పాలించిన రాజు పేరు నదికి దూరంగా ఉన్న ఫణిగిరి గుట్ట మీద కనిపించడంతో ఆ రాజ్యం ఇటువైపు ఎంతవరకు వచ్చిందో గీతగీసి చూపే వీలు కలిగింది.

మమ్మీ విషయంలో తికమక ఎందుకు

నాంపల్లి మ్యూజియంకు వచ్చే పిల్లలు ముందు అడిగేది మమ్మీ ఎక్కడ అని. ఆరవ నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో దాన్ని కొని తెచ్చి ఏడవ నిజాంకు ఇచ్చారని, ఆయన మ్యూజియంకు ఇచ్చారని దాని చరిత్ర. ఆరవ ఫారో, అంటే ఈజిప్టు రాజు, కూతురని, పేరు నైషు అని ప్రచారంలో ఉంది. క్రీస్తు పూర్వం 300 నుంచి 100 మధ్య, అంటే టోలెమీల కాలం నాటిదన్న మాటా ఉంది.

ఈ రెండు మాటలూ పక్కపక్కన పెడితే పొసగవు. టోలెమీలు గ్రీకు మూలాల రాజవంశం. వారికి ముందు ఈజిప్టును దాదాపు ముప్పై వంశాలు పాలించాయి. 'ఆరవ ఫారో కూతురు' అంటే ఏ వంశంలో ఆరవ? సమాధి నుంచి తవ్వి తీసిన శవపేటికైతే గోడ మీది రాతలు, పక్కన పెట్టిన పాత్రలు, సమాధి ఉన్న శ్మశానం ఆ జవాబు చెప్పేవి. ఇది అంగట్లో కొన్నది. అమ్మేవాడు చెప్పిన కథ వస్తువుతో పాటు వస్తుంది, తవ్వకపు నివేదిక రాదు. రాచకన్య అంటే ధర పెరుగుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

విజ్ఞాన శాస్త్రం కొంత తిరిగి ఇవ్వగలదు. 2016లో ఈ మమ్మీకి సీటీ స్కాన్ చేశారు. ఎముకలు, పళ్ళు, చుట్టిన గుడ్డల లోపలి స్థితి కట్టు విప్పకుండానే తెలిశాయి. తర్వాత ఆక్సిజన్ చేరని పెట్టెలో భద్రపరిచారు. స్కాన్ శరీరం గురించి చెబుతుంది. ఊరి గురించి చెప్పదు.

కదిలిన రాళ్ళు: మూడు తీర్లు

అమరావతి స్తూపం కథ అందరికీ కొంత తెలిసిందే. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కడుతున్నప్పుడు దిబ్బ తవ్వితే చెక్కిన రాళ్ళు బయటపడ్డాయి. 1797లో బ్రిటిష్ సర్వే అధికారి కాలిన్ మెకంజీ చూశాడు, 1816లో మళ్ళీ వచ్చి పటాలు గీయించాడు. 1845లో మరో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. కొన్ని రాళ్ళు మచిలీపట్నం వీధి అలంకారమయ్యాయి, కొన్ని కలకత్తా, కొన్ని మద్రాసు, కొన్ని లండన్ చేరాయి. ఎన్నో సున్నపు బట్టీలో కాలిపోయాయి. సున్నపురాయి కాబట్టి కాలిస్తే సున్నమవుతుంది, అంతే. ఇప్పుడు స్తూపం రూపాన్ని పండితులు మళ్ళీ ఊహించగలుగుతున్నారంటే మెకంజీ మనుషులు గీసిన పటాలు పెద్ద ఆధారం. రాయి ఊరు వదిలినా దాని స్థానం కాగితం మీద మిగిలింది.

నాగార్జునకొండ రెండో తీరు. అక్కడ పోయింది ఊరు. 1926లో గుర్తించిన ఆ లోయను సాగర్ జలాశయం ముంచబోతున్నదని తెలిశాక 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వారు. ఆనకట్టకు శంకుస్థాపన 1955లో జరిగింది, అంటే ఒక పక్క కట్ట లేస్తుంటే మరో పక్క తవ్వకం సాగింది. దొరికినవి కొండ మీదికి చేర్చారు. నీళ్ళ మధ్య ద్వీపమైన ఆ కొండ మీద ఇప్పుడు మ్యూజియం ఉంది. వస్తువులు తమ లోయను వదిలిపోలేదు, లోయ మాత్రం నీటి కింద ఉంది.

మూడోది కూడవెల్లి సంగమేశ్వరాలయం. శ్రీశైలం జలాశయం ముంపు వల్ల చాళుక్యుల నాటి ఈ గుడిని రాయి రాయి విప్పి, అలంపురంలో తిరిగి నిలబెట్టారు. విప్పేముందు ప్రతి రాతికీ ఒక సంఖ్య వేయాలి, ఏ వరుసలో ఎన్నోదో పుస్తకంలో రాయాలి. ఆ సంఖ్యే ఆ రాతికి చిరునామా. రాస్తే గుడి లేస్తుంది, రాయకపోతే రాళ్ళ కుప్ప మిగులుతుంది.

ఊళ్ళోనే ఉంచవచ్చు కదా

ఇది న్యాయమైన ప్రశ్న. దొరికిన వస్తువును దొరికిన చోటే చూపాలన్న ఆలోచన మన దేశంలో బ్రిటిష్ కాలపు కేంద్ర పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్ కాలం నుంచి ఉంది. ఆ ఆలోచనతో వచ్చిన సారనాథ్ మ్యూజియం 1910 నాటిది. మన దగ్గర సంగారెడ్డి జిల్లా కొండాపూర్ దీనికి మంచి ఉదాహరణ. నగరంలోని ఐటీ కార్యాలయాల కొండాపూర్ కాదు, దాదాపు అదే పేరున్న శాతవాహన పట్టణం. నిజాం పురావస్తు శాఖ 1940ల తొలినాళ్ళలో అక్కడ తవ్వితే ఇటుక కట్టడాలు, మట్టిబొమ్మలు, పూసలు, నాణేలు రాశులుగా వచ్చాయి. రోమ్ చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం కూడా వచ్చింది. దిబ్బ పక్కనే కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. మట్టిబొమ్మను చూసి బయటికి వస్తే అది పుట్టిన నేల ఎదురుగా ఉంటుంది. నాంపల్లి ఎంత గొప్పదైనా ఈ అనుభవం ఇవ్వలేదు.

అయితే చిన్న ఊరి మ్యూజియంకు కాపలా కావాలి, కరెంటు నిలకడగా ఉండాలి, లోహాన్నీ రాతినీ కాపాడే నిపుణులు అందుబాటులో ఉండాలి. సీసపు నాణేలను మామూలు చెక్క బీరువాలో పెడితే చెక్క నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరికే అవి తెల్లటి పొడిగా మారతాయి. కంచులో చేరిన ఉప్పు, గాలిలోని తేమతో కలిసి లేత ఆకుపచ్చ పొడి పుట్టిస్తుంది. అది పుండులా లోహాన్ని తినేస్తుంది. వేసవిలో ఎండిపోయి, వానాకాలంలో చెమ్మగిల్లే మన వాతావరణంలో ఈ మార్పే వస్తువుకు శత్రువు. అజంతా చిత్రాల నకళ్ళు, రాతప్రతులు ఉన్న గదుల్లో వెలుగు మందంగా ఉండటానికి కారణం కూడా ఇలాంటిదే. రంగును, కాగితాన్ని వెలుతురు వెలవెలబోయేలా చేస్తుంది. ఇలాంటి వాటికి 50 లక్స్ (వెలుగు కొలత) దాటని వెలుగు చాలని మ్యూజియంల లోకంలో స్థిరపడిన లెక్క.

కాబట్టి మధ్యేమార్గమే పనికొస్తుంది. పెళుసైనవి, చిన్నవి, దొంగకు సులువైనవి రాజధానిలో ఉండి, ఊళ్ళో రాతి శిల్పాలు, నమూనాలు, పటాలు ఉండటం. 2023లో ఫణిగిరి శిల్పాలు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి బౌద్ధ కళా ప్రదర్శనకు వెళ్ళాయి, ఆ తర్వాత సియోల్‌లోనూ కనిపించాయి. సముద్రాలు దాటి వెళ్ళిన ఆ శిల్పాల కింద పలకల మీద 'ఫణిగిరి' అన్న మాట ఉండటం వల్లనే ఆ ఊరు ప్రపంచ పటం మీదికి ఎక్కింది.

రాష్ట్ర విభజన ఈ ప్రశ్నకు మరో కోణం చేర్చింది. 2014 జూన్ 2 తర్వాత మ్యూజియం భవనం తెలంగాణలో ఉంది, లోపలి వస్తువులు రెండు రాష్ట్రాల ఊళ్ళవి. ఏది ఎవరికి చెందాలన్న చర్చలో తేలికైన సూత్రం దొరికిన చోటును చూడటం. పవిత్ర అవశేషాలు దాచిన బావికొండ ధాతుపేటికకు ఆ సూత్రం సరిపోతుంది. కొన్న చోళ కంచు విగ్రహానికి, చైనా పింగాణీకి, ఈజిప్టు మమ్మీకి సరిపోదు. రిజిస్టరులో ఊరి పేరు లేని నాణెం ఏ రాష్ట్రానిదో ఎవరూ చెప్పలేరు. ఎనభై ఏళ్ళ కిందట ఒక గుమస్తా రాసిన, లేదా రాయకుండా వదిలేసిన ఒక్క గడి ఇప్పుడు రెండు ప్రభుత్వాల మధ్య విషయం కాగలదు.

చూసేటప్పుడు

అసెంబ్లీ లేదా నాంపల్లి మెట్రో స్టేషన్‌లో దిగితే పబ్లిక్ గార్డెన్స్ దగ్గరే. లోపలికి వెళ్ళాక అన్ని గదులూ గంటలో చుట్టేయడం కంటే రెండు గదులు నిదానంగా చూడటం మేలు. విగ్రహం ముఖం కంటే ముందు రాయి రంగు చూడాలి. తెల్లగా, కొద్దిగా ఆకుపచ్చ ఛాయతో ఉండే సున్నపురాయి ఎక్కువగా కృష్ణా తీరపు బౌద్ధ శిల్పానిది. ఎర్రటి ఇసుకరాయి అలంపురం వైపు చాళుక్యుల పనికి గుర్తు. అద్దంలా మెరిసే నల్లరాయి కాకతీయుల శిల్పులకు ఇష్టమైనది. మినహాయింపులు ఉంటాయి, అవే ఆసక్తికరం. ఫణిగిరి గుట్ట గ్రానైటు, శిల్పాలు మాత్రం సున్నపురాతివి. అంటే ఆ పలకలను మరెక్కడి నుంచో మోసుకొచ్చారు. అంత బరువు మోయించగల దాతలు, దారులు, బండ్లు ఆ కాలంలో ఉన్నాయన్న సంగతి శిల్పంలోని బొమ్మ కాదు, రాయే చెబుతోంది.

తర్వాత పలక చదవాలి. దేవుడి పేరు, శతాబ్దం దాటి ఊరి పేరు దగ్గర ఆగాలి. పాత పలకల్లో జిల్లా పేరు ఇప్పటిది కాకపోవచ్చు. 2016 అక్టోబరులో తెలంగాణ 10 జిల్లాలు 31 అయ్యాయి, ఆ తర్వాత 33. అందుకే ఒకప్పుడు నల్గొండ జిల్లా అని రాసిన ఫణిగిరి ఇప్పుడు సూర్యాపేట, మెదక్ జిల్లా కొండాపూర్ ఇప్పుడు సంగారెడ్డి, కరీంనగర్ కోటిలింగాల ఇప్పుడు జగిత్యాల. ఏ మ్యూజియంలోనైనా పలక మీద ఊరు, మండలం, ఇప్పటి జిల్లా తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండటం ఖర్చులేని మంచి మార్పు. తమ ఊరి పేరు గాజు పెట్టె కింద కనిపించినప్పుడు సందర్శకులు అక్కడ నిలబడే తీరే వేరు.

ఆ ఊళ్ళకు తిరిగి వెళ్ళేవారికి ఒక చట్టం తెలిసి ఉండాలి. 1878 నాటి నిధి చట్టం ప్రకారం నేలలో దాగిన, పది రూపాయలకు మించిన విలువ గల ఏ వస్తువు దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచిపెడితే దొరికినవారు తమ వాటా కోల్పోతారు, ఏడాది దాకా జైలుశిక్షకూ వీలుంది. తెలియజేస్తే, హక్కుదారులు లేని నిధిలో, వేరే ఒప్పందం లేకుంటే, దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి ఒక వంతు. ప్రభుత్వం నిధిని తీసుకోదలిస్తే లోహపు విలువకు అయిదో వంతు కలిపి చెల్లించాలి. నూరేళ్ళు దాటిన శిల్పం, నాణెం వంటి పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడాన్ని 1972 చట్టం నిషేధించింది. ఆచరణలో మొదటి మెట్టు తహసీల్దారు కార్యాలయం. దానికంటే ముందు చేయాల్సింది తవ్వడం ఆపడం, కుండను కదపకుండా ఉన్నచోటే ఫోనులో ఫొటో తీయడం. కలెక్టరుకు ఇచ్చే ఆ కాగితంలో రాయాల్సినవి మూడని 1878 చట్టమే చెబుతోంది: ఏం దొరికింది, దాని విలువ ఎంత అన్నది ఒకటి; ఎక్కడ దొరికింది అన్నది రెండు; ఏ రోజు దొరికింది అన్నది మూడు.